సెకండ్ హ్యాండ్ కారుకి రీకాల్ ఉంటే బాధ్యత ఎవరిది?

"సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక దానికి కంపెనీ రీకాల్ ఉందని తెలిసింది, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?" అని అడిగారు. రీకాల్ అంటే తయారీలో లోపమున్న బండ్లని కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయడం. ఆ ఖర్చు కంపెనీదే. మీరు మూడో ఓనరైనా సరే, ఒక్క రూపాయి కట్టకండి.

నాకు జరిగింది చెప్తాను. మాది విజయవాడ, పటమట. అమ్మని గుంటూరులో అక్కా వాళ్ళింటికి తీసుకెళ్తుంటే వారధి మధ్యలో ఇంజిన్ ఆగిపోయింది. బండి ఆగడం ఒక్కటే కాదు. స్టీరింగ్ బిగుసుకుపోయింది, రెండుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడింది. వెనక ఇసుక లారీ హారన్ కొడుతూనే ఉంది. రెండు చేతులతో లాగి ఎలాగో ఎడమ పక్కకి చేర్చాను. అమ్మ ఒళ్ళోని గోంగూర పచ్చడి డబ్బా మూత ఊడి చీరంతా నూనె. ఆవిడ నోట మాట లేదు.

ఆటోనగర్ మెకానిక్ చూసి, "ఫ్యూయల్ పంపు పోయిందండీ. ఈ మోడల్‌కి రీకాల్ ఉందిగా, మీకు చెప్పలేదా?" అన్నాడు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి చూస్తే నిజమే, నా బండి ఉంది. షోరూమ్‌లో అడిగితే లెటర్ పంపామన్నారు. ఎవరికి? మొదటి ఓనర్‌కి! బండి నా పేరు మీదకి మారి అప్పటికే ఏడాదిన్నర. ఇన్సూరెన్స్ రెన్యూవల్‌కి అదే షోరూమ్ నుంచి వారంలో నాలుగు ఫోన్లు నాకే వచ్చాయి. ప్రాణం పోయే లోపం గురించి మాత్రం ఒక్క ఫోన్ లేదు. నా కోపమంతా ఇక్కడే.

చట్టం లేక కాదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 110ఎ సెక్షన్ పెట్టారు. లోపమున్న బండ్లని వెనక్కి పిలవమని ప్రభుత్వమే కంపెనీని ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం జరిమానా 10 లక్షల నుంచి కోటి దాకా. కానీ ఏడేళ్ళ లోపు బండ్లకే అట! టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో ఏం జరిగింది? బ్యాగుని ఉబ్బించడానికి లోపల పెట్టిన అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు మనుషుల మీదకి ఎగిరాయి. ప్రపంచమంతా కోట్ల కార్లు వెనక్కి పిలిచారు, ఆ కంపెనీ 2017లో దివాలా తీసింది. అలాంటి లోపం బండి పాతబడే కొద్దీ ముదురుతుంది. మే నెలలో మన బెజవాడ ఎండా ఉక్కా తెలిసినవాళ్ళెవరూ ఏడేళ్ళ దగ్గర గీత గీయరు.

పంపు ఉచితంగానే మార్చారు. కానీ అంతకు రెండు నెలల ముందు, బండి ఆగి ఆగి నడుస్తోందని షోరూమ్‌కి వెళ్తే పంపు క్లీనింగ్ అని 4,200 తీసుకున్నారు. అది తిరిగి ఇవ్వలేదు. మీరు వెళ్ళినప్పుడు కంప్లయింట్ మీరు చెప్పిన మాటల్లోనే జాబ్ కార్డు (బండి సర్వీసుకి ఇచ్చేటప్పుడు వాళ్ళు రాసే కాగితం) మీద రాయించుకోండి. నాది "జనరల్ చెకప్" అని రాసుకున్నారు, ఇప్పుడు ఆ కాగితమే నాకు చూపిస్తున్నారు.