ఎర్ర ముల్లుకు డబ్బు కట్టాను, ఆకుపచ్చ ముల్లు వచ్చింది

ప్రశ్న: మాది హనుమకొండ. నాన్నగారి పాత టర్న్‌టేబుల్‌కి తక్కువ బడ్జెట్‌లో మంచి కార్ట్రిడ్జ్ (రికార్డు మీద తిరిగే ముల్లు బిగించే చిన్న భాగం) పెడదామని ముంబయిలోని ఒక షాపు వెబ్‌సైట్‌లో ఆడియో టెక్నికా వీఎం95 ఎంఎల్ కొన్నాను. 17 వేలు అయింది. బిల్లులో ఎంఎల్ అనే ఉంది. బిగించి ఒక రికార్డు విన్నాక చూస్తే ఎర్రగా ఉండాల్సిన ముల్లు ఆకుపచ్చగా ఉంది, అది చవకైన వీఎం95 'E' మోడల్ అట. ఆ రోజే వాట్సాప్‌లో అడిగితే "సీలు తీశాక రిటర్న్ లేదు, 1,500 కూపన్ ఇస్తాం, కేసు వేస్తే ముంబయిలోనే వేసుకోండి" అన్నారు. ఏం చేయాలి సార్?

జవాబు: ముందు ఆ కూపన్ తీసుకోకండి. వాట్సాప్‌లో 'సరే' అని కూడా పెట్టొద్దు, రాజీ కుదిరిందని రేపు వాళ్లు దాన్నే చూపిస్తారు.

ముంబయి పోవాల్సిన పని లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 కింద మీరు నివాసం ఉండే చోట జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, బిల్లు అడుగున ఏం అచ్చు వేసుకున్నా చట్టం ఇచ్చిన ఈ హక్కు పోదు. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు, అందుకే మన దగ్గర చాలామంది ఇప్పటికీ అంత దూరం ఎవరు తిరుగుతారని వదిలేస్తున్నారు. అది చూస్తే నిజంగా బాధేస్తుంది. మీరు కట్టిన ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, వకీలును పెట్టుకోవడం కూడా తప్పనిసరి కాదు.

సీలు సంగతి కూడా అంతే. డబ్బా తెరవకుండా లోపల ఏ ముల్లు ఉందో ఎవరికి తెలుస్తుంది? వెబ్‌సైట్‌లో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్లు అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి.

అసలు పేచీ వచ్చేది వేరే చోట. వీఎం95 వరుసలో అన్నిటికీ నల్లటి బాడీ ఒకటే, ముల్లు వేళ్లతో లాగితే వచ్చేస్తుంది, ఎంఎల్‌కి ఎరుపు, 'E' మోడల్‌కి ఆకుపచ్చ. కాబట్టి "ఎర్రది దాచుకుని పాత ఆకుపచ్చది పెట్టి అడుగుతున్నారు" అని వాళ్లు తప్పకుండా అంటారు. అందుకే డబ్బా విప్పినప్పుడు తీసిన వీడియో గానీ ఫొటోలు గానీ ఉంటే ఫోన్‌లోంచి చెరపకండి, లేకపోయినా తేడా కనిపెట్టిన రోజే మీరు పంపిన వాట్సాప్ మెసేజ్ గట్టి సాక్ష్యమే. డబ్బా మీది లేబుల్, వెబ్‌సైట్ పేజీ, బిల్లు అన్నీ ఈ రోజే ఫొటో తీసి పెట్టుకోండి, ఆ పేజీ రేపు మారిపోవచ్చు. వినడం ఆపేయండి, ముల్లు పీకకండి. వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా వస్తువును కొరియర్‌లో వెనక్కి పంపొద్దు, చేతిలోంచి పోయాక చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

"పాట వస్తోంది కదా, మీకేం నష్టం" అంటే దానికీ జవాబు ఉంది. కంపెనీ చెప్పే లెక్కలో 'E' మోడల్‌లోని ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారపు మొన) ముల్లు 300 గంటలు, ఎంఎల్‌లో ఉండే మైక్రోలీనియర్ (ఇంకా సన్నగా చెక్కిన మొన) ముల్లు 1,000 గంటలు వస్తుంది. రోజుకో గంట వింటే ఒకటి పది నెలల్లో అయిపోతుంది, ఇంకోటి రెండున్నర ఏళ్లు దాటుతుంది. ఫిర్యాదులో ఈ లెక్క తప్పకుండా రాయండి.

ఇప్పుడు ఆ షాపు గ్రీవెన్స్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే అధికారికి) ఈమెయిల్ పెట్టి, అదే కాపీ స్పీడ్ పోస్టులో పంపండి. ఫిర్యాదు అందినట్టు వాళ్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అడిగేది కూడా ఆలోచించి అడగండి: బాడీ ఒకటే కాబట్టి ఎంఎల్ ముల్లు ఒక్కటి పంపితే మీ సమస్య తీరిపోతుంది, వాళ్లకూ ఖర్చు తక్కువ. అది మొదట, లేదంటే 17 వేలు వాపసు. ఈలోపు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయించండి, చాలా షాపులు అక్కడే దిగివస్తాయి. నెల దాటినా కదలకపోతే ఆన్‌లైన్‌లో గానీ నేరుగా గానీ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి, మానసిక వేదనకు, ఖర్చులకు పరిహారం కూడా అడగండి. గడువు రెండేళ్లు ఉంది గానీ అన్నాళ్లు ఆగొద్దు.

ఒక్క విషయం. ఇదే కార్ట్రిడ్జ్‌ను షాపులో కాకుండా ఎవరో ఇంట్లో వాడినది సెకండ్ హ్యాండ్‌లో కొని ఉంటే ఈ దారి పనికిరాదు, అప్పుడు 1930 వస్తు విక్రయ చట్టం కింద సివిల్ కోర్టుకే వెళ్లాలి. మీకు షాపు బిల్లు ఉంది కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఆ బిల్లు ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్స్ ఇవ్వండి.