వాతావరణ వార్తలు చూస్తే నిద్ర పట్టదు, మానేస్తే తప్పు చేసినట్టుంటుంది. మీరెలా తట్టుకుంటున్నారు?

మీ ప్రశ్నలో నాకు గట్టిగా తగిలింది రెండో సగం. నిద్ర లేకపోవడం కన్నా ఆ "మానేస్తే తప్పు" అన్న భావమే నన్ను ఎక్కువ తినేసింది.

2018 అక్టోబర్‌లో ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం) వాళ్ల నివేదిక వచ్చింది, పరిశ్రమలు రాకముందుకన్నా భూమి 1.5 డిగ్రీలు వేడెక్కితే ఏమవుతుందని. ఎక్కడ చూసినా "ఇంకా పన్నెండేళ్లే" అన్న హెడ్డింగులే. నేను అది ఉన్నదున్నట్టు నమ్మేశాను. 2030 దగ్గర లోకం ఆగిపోతుందన్నట్టు రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. అర్ధరాత్రి దాకా ఫోన్‌లో కాలుతున్న అడవులు, కరుగుతున్న మంచు, కింద జనాల కామెంట్లు. ఎంత ఎక్కువ చదివితే అంత బాధ్యతగా ఉన్నట్టు అనిపించేది. ఆ ఏడాదిన్నరలో నేను నిజంగా చేసిన పని మాత్రం ఒక్కటీ లేదు. ప్లాస్టిక్ కవరు తెచ్చిందని అక్కతో రెండు రోజులు మాట్లాడలేదు, అంతే. (అది ఇప్పటికీ దెప్పుతుంది.)

తర్వాత ఎందుకో హెడ్డింగులు పక్కన పెట్టి ఆ నివేదిక సారాంశమే తెరిచాను. వేడిని 1.5 దగ్గర ఆపాలంటే కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు 2010తో పోలిస్తే 2030కల్లా సుమారు 45 శాతం తగ్గాలి, 2050 ప్రాంతానికి నికరంగా సున్నాకి రావాలి (అంటే గాల్లోకి వదిలినంతా తిరిగి తీసేయాలి) అని ఉంది. పన్నెండేళ్ల తర్వాత అంతా అయిపోతుందని ఎక్కడా లేదు. పగడపు దిబ్బల సంగతి కూడా ఉంది: 1.5 డిగ్రీల దగ్గర 70 నుంచి 90 శాతం పోతాయి, 2 డిగ్రీల దగ్గర 99 శాతం పైనే పోతాయి. ఇంత ఘోరమైన వాక్యం చదివి ఊరట పడటం విడ్డూరమే, కానీ పడ్డాను. ఆ అర డిగ్రీలో కాపాడుకోవడానికి ఏదో మిగిలి ఉంది కదా! 2024లో భూమి సగటు వేడి పెరుగుదల 1.5 డిగ్రీలు దాటినప్పుడు నా స్నేహితులు కొందరు "ఇక అయిపోయింది" అన్నారు. నాకు బాధేసింది గానీ కూలబడలేదు. వేడిని అదుపు చేయడానికి దేశాలు కుదుర్చుకున్న పారిస్ ఒప్పందంలోని హద్దు ఒక్క ఏడాది లెక్క కాదు, ఎన్నో ఏళ్ల సగటు. పైగా కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు నికరంగా సున్నాకి వస్తే వేడి పెరగడం దాదాపు ఆగిపోతుందని ఇదే సైన్సు చెబుతోంది. ఈ మాట చాలామందికి చేరలేదు.

తెలుసుకున్నంత మాత్రాన కుదుటపడ్డానా అంటే, లేదు. ఆ కుదురు ఒక చెరువుగట్టు మీద దొరికింది.

ప్రతి ఆదివారం పొద్దున ఒక గంట పక్షుల్ని లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించే చిన్న గుంపు అది. అర్థమయ్యేలా రాసేవాళ్లు కావాలని నన్ను పిలిచారు. మొదటి రోజే అడిగేశాను, "వీటిని లెక్కపెడితే కార్బన్ తగ్గుతుందా?" అని. గుంపులో పెద్దాయన బైనాక్యులర్స్ దించకుండానే, "తగ్గదమ్మా. మూడు నీటికాకులు, రాసుకో" అన్నారు. ఆ గంటసేపూ నా తలలో భూగోళం లేదు, మూడు నీటికాకులే ఉన్నాయి.

రెండో ఏడు చెరువులో ఒక మూల భవనాల శిథిలాలు పోసి పూడ్చడం మొదలైంది. మా లెక్కల పుస్తకం అర్జీకి జతచేసి తిరిగాం. చివరికి పని ఆపారు, కానీ పూడ్చిన మూల మళ్లీ తవ్వలేదు. బుడుబుంగలు గూళ్లు కట్టేది ఆ మూలలోనే. ఆ రోజు గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, పక్కన కూర్చున్నారు. ఇలా బాధపడటం జబ్బేమో అని మీకు అనిపిస్తుంటే ఒక సంగతి చెప్తాను. 2021లో పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న పదివేల మందిని అడిగితే 59 శాతం మంది చాలా ఆందోళనగా ఉందన్నారు. కాకపోతే వారాల తరబడి నిద్ర, తిండి దెబ్బతింటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నేను మూడు నెలలు కౌన్సెలింగ్ తీసుకున్నాను, అందులో సిగ్గుపడేదేమీ లేదు.

కౌన్సెలింగ్‌కి వెళ్తున్న రోజుల్లోనే రెండు నెలలు చెరువుకి పోలేదు. ఆదివారం వస్తే చాలు, దొంగతనం చేసినట్టు ఉండేది. తిరిగి వెళ్లి పుస్తకం తెరిస్తే ఒక్క వారం కూడా ఖాళీ లేదు, అన్నీ వేరేవాళ్ల చేతిరాతల్లో ఉన్నాయి. ఒకరు లకుముకిని "లకుమికి" అని రాశారు. నేను లేకపోయినా పని ఆగలేదని చూశాక మీరన్న ఆ "తప్పు" నా నెత్తి మీంచి దిగింది. అప్పట్నుంచి వంతులు వేసుకున్నాం. వంతు లేని వారం నేను ఈ వార్తల జోలికే పోను. వంతు ఉన్నవారం కూడా ఒకే ఒక్క గంట చదువుతాను, ఫోన్ పడకగది బయటే ఉంటుంది. ప్రతి కవరూ లెక్కపెట్టడం కూడా మానేశాను. ఆ ఓపికంతా అర్జీలకి కావాలి.

ఓజోన్ కథ తెలుసుగా. అంటార్కిటికా మీద ఓజోన్ పొరలో రంధ్రం సంగతి 1985లో బయటపడింది, దానికి కారణమైన రసాయనాల్ని ఆపడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. అక్కడి ఓజోన్ 1980 నాటి స్థితికి రావడం 2066 ప్రాంతంలో అని అంచనా. అది దీనికన్నా చాలా తేలికైన సమస్య, ఒప్పుకుంటాను. ప్రత్యామ్నాయ రసాయనాలు దొరికాయి, వాడకాలు కూడా కొన్నే. అయినా సంతకాలు చేసినవాళ్లలో ఎంతమంది 2066 చూస్తారు?

మీ దగ్గర్లో ఇలాంటి గుంపు ఏదైనా ఉందేమో కనుక్కోండి. పక్షులే అక్కర్లేదు, నీటి మట్టం కొలిచేవాళ్లైనా సరే. ఒక్కరే మొదలుపెట్టకండి, అలా చేసి నేను రెండు వారాల్లో వదిలేశాను.

వచ్చే రెండు ఆదివారాలు నా వంతు కాదు. మూడో ఆదివారం వెళ్లగానే ముందు పుస్తకం తిరగేస్తాను, బుడుబుంగలు ఇంకో మూలకి ఏమైనా చేరాయేమో అని.