పర్యావరణం గురించి ఎంత చెప్పినా ఎవరూ పట్టించుకోవట్లేదు, ఏం చేయాలి?

ఇంట్లోవాళ్లకు, ఇరుగుపొరుగుకు రోజువారీగా అవగాహన ఎలా కలిగించాలన్నదే ప్రశ్న. నా అనుభవంలో మాటలకంటే కళ్లకు కనిపించింది ఎక్కువ పనిచేసింది.

మేముండే భవనం ఆవరణలో రాలిన ఆకులన్నీ ఊడ్చి ఓ మూల తగలబెట్టేవాళ్లు. కాలుష్యమని ఎవరితో అన్నా తలూపి వెళ్లిపోయేవారు. ఒకరోజు నిప్పు పెట్టకముందే పిల్లల్ని పిలిచి, పాత కుప్పను పుల్లతో మెల్లగా విప్పి చూపించాను. పైన గలగలలాడే ఆకులు, అడుగున తడిసి నల్లబడ్డ పొర. అందులో వానపాములు, రోకలిబండ పురుగులు, గుడ్ల సంచి మోసుకుంటూ పరుగెత్తే సాలీడు, ఆకుల మధ్య అల్లుకున్న తెల్లని బూజు దారాలు. "మంట పెడితే ఇవన్నీ ఎక్కడికి పోతాయి?" అని ఒక పాప అడిగింది. ఆ ప్రశ్నను పిల్లలే ఇళ్లకు పట్టుకెళ్లారు. తర్వాత పెద్దవాళ్లే వచ్చి, మరి ఈ ఆకుల్ని ఏం చేద్దామన్నారు.

వాళ్లంతట వాళ్లు అడిగినప్పుడే కారణాలు చెప్పాలి, అప్పుడే చెవికెక్కుతాయి. ఆకులు కాలిన పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్న కణాలుంటాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నని కణాలను ముక్కు ఆపలేదు, నేరుగా ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్తాయి. ఇక వంటింటి తడిచెత్త పెద్ద చెత్తగుట్ట కింద గాలి అందక కుళ్లితే మీథేన్ పుడుతుంది. వేడిని పట్టి ఉంచడంలో అది, 100 ఏళ్ల లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు బలమైన వాయువు.

ఎండుటాకులు, తడిచెత్త రెండూ ఒకే గుంతలో సర్దుకుంటాయి. తడిచెత్త ఒక వంతు, ఆకులు రెండు మూడు వంతులు పొరలుగా వేసి అప్పుడప్పుడు తిరగేస్తే చాలు. గాలి ఆడుతుంది కాబట్టి మీథేన్ బెడద చాలా తగ్గుతుంది. వాసన వస్తోందంటే తడి ఎక్కువైనట్టు, ఇంకొన్ని ఆకులు కలపండి. మా గుంత దగ్గర మొదట ముక్కు మూసుకున్నవాళ్లే కొన్ని నెలలకు కుండీల కోసం ఎరువు తీసుకెళ్లారు. ఆకుల మంట ఆగిపోయింది.

"మనమొక్కరం చేస్తే ఏమవుతుంది" అని తప్పకుండా అంటారు. విసుక్కోకండి, అది నిజమైన నిస్పృహ. నేను వాళ్లకు, ఎండలోని హానికరమైన కిరణాలను ఆకాశంలోనే అడ్డుకునే ఓజోన్ పొర సంగతి చెబుతాను. అప్పట్లో ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడిన సీఎఫ్‌సీలు (క్లోరోఫ్లోరోకార్బన్లు) అనే రసాయనాలు ఆ పొరను తినేస్తాయని 1974లో మోలినా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. అంటార్కిటికా మీద ఆ పొరలో పడ్డ రంధ్రం సంగతి 1985లో బయటపడింది. 1987లో ఆ రసాయనాలను తగ్గించడానికి మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. తర్వాత ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి, ఇప్పుడా పొర నెమ్మదిగా కోలుకుంటోంది. ఒప్పందానికి ముందే చాలామంది ఆ స్ప్రేలు కొనడం మానేశారన్నది నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చే విషయం.

మీ దగ్గర ఆకుల కుప్ప లేకపోతే కిటికీలోంచి కనిపించే ఏదో ఒక చెట్టును ఎంచుకోండి. దాని పేరేమిటో, దాని మీద ఏ పిట్ట వాలుతుందో ఇంట్లోవాళ్లతో కలిసి కనుక్కోండి. ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫొటో పెడితే గుర్తుపట్టి చెప్పేవాళ్లుంటారు, ఆ వివరాలు పరిశోధకులకూ పనికొస్తాయి. పేరు తెలిసిన చెట్టు కొమ్మ ఎవరైనా నరుకుతుంటే, ఎందుకు నరుకుతున్నారని మీ ఇంట్లోవాళ్లే ముందుగా అడుగుతారు.