ఎంక్యాట్ వర్బల్ విభాగం కోసం చరిత్ర, తత్వశాస్త్రం విడిగా చదవాలా?

అక్కర్లేదు, అమెరికా, కెనడా మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లోని వర్బల్ విభాగానికి, అంటే ఇప్పటి పేరుతో కార్స్‌కి, కావలసిన సమాచారమంతా ఇచ్చిన వ్యాసంలోనే ఉంటుంది.

90 నిమిషాలు, 9 వ్యాసాలు, 53 ప్రశ్నలు. వ్యాసాలు సాహిత్యం, కళలు, చరిత్ర, ఆర్థికశాస్త్రం లాంటి వాటి నుంచి వస్తాయి. అయితే చూసేది మన పరిజ్ఞానాన్ని కాదు. రచయిత ఏమంటున్నాడు, దేన్ని ఆధారం చేసుకుని అంటున్నాడు అన్నది పట్టుకోగలమా అని చూస్తారు.

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మీద ఒక వ్యాసం ఇచ్చారనుకుందాం. ఈస్టిండియా కంపెనీ అసలు లక్ష్యం శిస్తు రాబడి పెంచుకోవడమేనని అందులో రచయిత వాదిస్తాడు. 'రచయిత దృష్టిలో ఆనకట్ట కట్టడానికి ముఖ్య కారణం ఏది?' అన్నది ప్రశ్న. కోనసీమ కుర్రాడి చెయ్యి 'రైతుల కరువు తీర్చడం' మీదికే పోతుంది. కాటన్ దొర విగ్రహాలు చూస్తూ పెరిగినవాడు మరి! మార్కు మాత్రం 'శిస్తు రాబడి'కే. నిజంగా ఏది నిజమన్న చర్చ ఇక్కడ పనికిరాదు.

చాలామంది పొరపడేది ఇక్కడే. నీట్‌లో ఇలాంటి విభాగమే లేదు, ఉన్నవి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ. ఆ అలవాటుతో దీన్నీ బట్టీ పట్టొచ్చనుకుని కష్టమైన ఇంగ్లీషు పదాల జాబితాలు ముందేసుకుంటారు. దానివల్ల ఒరిగేది తక్కువే. రోజూ పరిచయం లేని విషయం మీద రెండు వ్యాసాలు, ఒక్కోటి ప్రశ్నలతో కలిపి 10 నిమిషాల్లో చెయ్యాలి. తప్పిన ప్రతి ప్రశ్నకీ, సరైన జవాబుకి ఆధారమైన వాక్యం వ్యాసంలో ఎక్కడుందో వెతికి గీత గీయాలి.