ఛార్జింగ్ నిండుగా చూపినా ర్యాంపు మీద ఆగిపోయే వీల్‌చైర్

హనుమకొండలో మీ బాపు వాడుతున్న మూడేళ్ల ఎలక్ట్రిక్ వీల్‌చైర్, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పచ్చ లైటు వెలిగినా, ఇంటి ముందు ర్యాంపు ఎక్కేటప్పుడు ఆగిపోతోందని రాశారు. మోటారును అనుమానించే ముందు బ్యాటరీలను చూడండి. ఇటువంటి బండ్లలో ఎక్కువగా 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండింటిని సిరీస్‌లో కలిపి 24 వోల్టులు తీసుకుంటారు. వాటిలో ఒక్కటి బలహీనపడినా, చదునైన నేల మీద తెలియని ఆ లోపం, ఎత్తులో మోటారు ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజీ పడిపోవడంతో బయటపడుతుంది, మోటారుకు కరెంటును అదుపు చేసే కంట్రోలర్ బండిని ఆపేస్తుంది.

ఛార్జర్ తీసిన కొన్ని గంటల తర్వాత మల్టీమీటరుతో విడివిడిగా కొలిస్తే ఒక్కో బ్యాటరీ సుమారు 12.7 వోల్టులు చూపాలి. అయితే ఆ అంకెను చూసి సరిపెట్టుకోకుండా, బ్యాటరీ దుకాణంలో లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగినప్పుడు వోల్టేజీ నిలుస్తుందో లేదో చూసే పరీక్ష) తప్పక చేయించండి. టెర్మినళ్లు వదులైనా, తుప్పు పట్టినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కనుక ముందు వాటిని శుభ్రం చేసి బిగించండి. ఇది ఖర్చు లేని పని.

మార్చవలసి వస్తే రెండింటినీ ఒకేసారి మార్చండి. చవకగా వస్తుందని కారు బ్యాటరీ మాత్రం పెట్టించవద్దు. అది ఇంజన్ స్టార్ట్ చేయడానికే గాని గంటల తరబడి నడపడానికి తయారైనది కాదు, ఎక్కువసేపు కరెంటు ఇచ్చేలా తయారైన డీప్ సైకిల్ రకమే అడగండి. మన వేసవి ఎండలో బండిని ఆరుబయట ఉంచడం కూడా బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. బాగయ్యేదాకా బాపును ర్యాంపు మీద ఒంటరిగా వెళ్లనివ్వకండి.