నిద్ర కోసేసి నడిస్తే బరువు తగ్గదమ్మా

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. విశాఖపట్నం గాజువాకలో ఉంటాం. మా వారివి షిఫ్ట్ డ్యూటీలు. బి షిఫ్ట్ వారంలో ఆయన రాత్రి ఆలస్యంగా వచ్చి భోంచేసి, నేను వంటిల్లు సర్దుకుని పడుకునేసరికి పన్నెండున్నర. అమ్మాయి ఇంటర్ సెకండియర్. కుళాయి నీళ్లు పట్టాలి, క్యారేజీ కట్టాలి కాబట్టి అయిదింటికి లేస్తాను. రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలే తింటున్నా ఏడాదిన్నరలో 64 కిలోల నుంచి 71కి వచ్చాను. ఎత్తు 155 సెంటీమీటర్లు. ఇక నాలుగింటికే లేచి గంట నడుద్దామని, చపాతీలు కూడా మానేద్దామని అనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: రెండూ వద్దమ్మా. మీరు పడుకునేదే నాలుగున్నర గంటలు. అందులో ఇంకో గంట కోస్తే నడక వల్ల వచ్చే మేలు కూడా దక్కదు. మీరు ప్లేట్లో చపాతీలు లెక్కపెడుతున్నారు కానీ రాత్రి గంటలు లెక్కపెట్టడం లేదు.

కడుపులోంచి వచ్చే గ్రెలిన్ అనే హార్మోన్ ఆకలి పెంచుతుంది. కొవ్వులోంచి వచ్చే లెప్టిన్ ఇక చాలంటుంది. నిద్ర చాలకపోతే ఈ రెండింటి లెక్క తప్పుతుంది. బి షిఫ్ట్ వారంలో ఆయన బండి చప్పుడు కోసం కాచుక్కూర్చున్నప్పుడు మీ చెయ్యి ఏ డబ్బా మీదికి పోతుందో ఒకసారి గమనించుకోండి. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లు ముందు 'ఏమీ తినను డాక్టర్ గారూ' అంటారు. కాసేపు మాట్లాడాక గుప్పెడు జంతికలు, పిల్లలు వదిలేసిన బిస్కెట్లు, ఆయన పక్కన కూర్చుని తిన్న రెండు ముద్దలు బయటికొస్తాయి. దానికి సిగ్గుపడక్కర్లేదు. నిద్రకి మొహం వాచిన ఒంటికి ఉప్పూ నూనే తీపీ మీదే మనసు పోతుంది.

షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో ప్రచురించిన ఒక పరిశోధన గురించి చెబుతాను. చిన్నదే, పదిమందితో చేసింది. అధిక బరువున్న వాళ్లకి రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు అయిదున్నర గంటలు నిద్రకి సమయమిచ్చి, రెండుసార్లూ తిండి ఒకే తీరుగా తగ్గించారు. బరువు రెండుసార్లూ దాదాపు మూడేసి కిలోలు తగ్గింది. కానీ బాగా పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర తక్కువైనప్పుడు 0.6 కిలోలే. మిగతాది కండా నీరూ లాంటి కొవ్వు కాని బరువు. కండ పోతే ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి కూడా తగ్గుతుంది. చపాతీలు కూడా మానేస్తే మీకూ జరిగేది ఇదే.

ఇక టెన్షన్. టెన్షన్ పడితే పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ తెల్లవారుజామున పెరిగి రాత్రికి తగ్గాలి. అమ్మాయి పరీక్షలు, ఆయన డ్యూటీలు మనసులో తిరుగుతుంటే అది రాత్రి కూడా సరిగ్గా తగ్గదు. రక్తంలో చక్కెర పెరుగుతుంది, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది.

బి షిఫ్ట్ వారంలో మీరు ఎనిమిదింటికల్లా తినేయండి. ఆయన భోజనం హాట్‌ప్యాక్‌లో పెట్టి పదింటికి పడుకోండి. నేనీ మాటంటే చాలామంది 'ఒక్కరే ఎలా తింటారండీ' అని మొహమాటపడతారు. ఈ జవాబు ఆయనకి చదివి వినిపించండి, అర్థం చేసుకుంటారు. మధ్యాహ్నం మూడు దాటాక టీ వద్దు. మూడులోపు అరగంట కునుకు తీయొచ్చు. నడక సాయంత్రం వీధిలోనో డాబా మీదో అరగంట చాలు. చపాతీల్లోకి పప్పో, గుడ్డో తప్పకుండా ఉండాలి.

అయితే నెపమంతా నిద్ర మీదే వేయలేం. మీ బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి వేసే బరువు లెక్క, 29 దాటింది. మనవాళ్లకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, షుగర్‌కి హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్ పరీక్షలు ఈ వారమే చేయించుకోండి. నెలసరి గతి తప్పినా, గట్టిగా గురక పెడుతున్నారని ఇంట్లో అన్నా డాక్టర్‌కి చెప్పండి. గురకతో ఊపిరి ఆగుతుంటే ఎంతసేపు పడుకున్నా నిద్ర చాలదు, దానికి వేరే చికిత్స ఉంది.

రోజూ బరువు చూసుకోకండి. టైలర్ టేపుతో నడుము కొలిచి రాసిపెట్టుకోండి, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. రెండు నెలలయ్యాక ఆ కొలతా, పరీక్షల రిపోర్టులూ నాకు రాసి పంపండి. అమ్మాయి కూడా మీతో పాటు మేలుకునే ఉంటే తన లైటు కూడా పదిన్నరకి ఆర్పించండి. చదివింది మెదడులో నిలవాలంటే నిద్రే కావాలి.