బస్సు దిగనివ్వకు

చిత్తూరు,
ఆదివారం

అమ్మణ్ణీ,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. గొంతు మామూలుగా లేదు. ఏమైందిరా అంటే, "పాప ఉద్యోగం మానేస్తుందంట అక్కా. తిరుపతిలో గది తీసుకుని నవల రాస్తుందంట. నువ్వన్నా చెప్పు" అన్నాడు. సరే చెప్తాలే అని పెట్టేశాను గానీ తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. ఒక్కదానివే ఎట్లా ఉంటావోనని భయం. తిరుమల స్వామి భక్తురాలు, కవయిత్రి తరిగొండ వెంగమాంబ మీద రాస్తున్నావని విన్నాక, మన ఇంట్లో ఒక ఆడపిల్ల ఇన్నాళ్లకు ఆ పనికి కూర్చుంటోందని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోన్‌లో చెప్తే సగం మరిచిపోతాను, నువ్వు మధ్యలో "సరే అత్తా, సరే అత్తా" అంటావు. అందుకే రాస్తున్నా. కూర్చుని చదువు.

ముందు మామూలు సంగతులు. ఏడాదికి సరిపడా అద్దె, తిండి ఖర్చు బ్యాంకులో ఉంటేనే ఉద్యోగం మానెయ్. పీఎఫ్ కాగితాలు సరిచూసుకో. గది బాలాజీ కాలనీ వైపు చూడు, యూనివర్సిటీకి నడిచి పోవచ్చు. ఇంటివాళ్లు కింద, నువ్వు మేడమీద ఉండేట్టయితే మంచిది. తలుపుకు లోపల గడియ ఒక్కటి చాలదు, రెండోది బిగించుకో. రాసింది రెండు చోట్ల దాచుకో. వేళకు తిను.

డబ్బు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. "నేనెవరి దగ్గరా చెయ్యి చాపను" అన్నావంట మీ అమ్మతో. ఆ మాట నాకు నచ్చలేదు. 1986లో మన రాష్ట్రంలో చట్టం మార్చి, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కూడా మగపిల్లాడితో సమానంగా వాటా ఇచ్చారు. దాన్ని 1985 సెప్టెంబరు నుంచే అమలు చేశారు, అంతకు ముందే పెళ్లయిపోయిన వాళ్లకు వర్తించలేదు. నా పెళ్లి 1978లో అయింది. 2005లో దేశమంతటా చట్టం మారేనాటికి మన ఇంట్లో భాగాలు అయిపోయి చాలా ఏళ్లయింది. తోట మీ నాయనకు పోయింది. వాడి మీద నాకు కోపం లేదు, ఏటా తోతాపురి కాయలు గంపలకెత్తి పంపిస్తాడు. కానీ నీకు ఆ తోటలో హక్కుంది, బిడ్డా. నెలనెలా ఇంత పంపు నాయనా అని తలెత్తుకుని అడుగు. పౌరుషానికి పోయి పస్తులుంటే నవల పూర్తి కాదు.

తరిగొండకు పోయావా? పుస్తకాలు చదివి సరిపెట్టుకోకు. పీలేరు మీదుగా వాయల్పాడు పోయి అక్కణ్ణుంచి పో. నేను బడిపిల్లలను తీసుకుని ఒకసారి పోయాను. మజ్జిగ చిలికే తరికుండలో నరసింహస్వామి శిలగా దొరికాడని, తరికుండే తరిగొండ అయిందని అక్కడ చెప్తారు. ఆ గుడిలో ఆంజనేయస్వామి విగ్రహం వెనక కూర్చుని వెంగమాంబ ధ్యానం చేసుకునేదంట. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలంతా దండం పెట్టుకుని ముందుకు పోయారు, నేను అక్కడే నిలబడిపోయాను. విగ్రహం వెనక ఎందుకు? ఎదురుగా కూర్చుంటే కూర్చోనివ్వరు గనక. చిన్నతనంలోనే మొగుడు పోయాడు. బొట్టు తియ్యమన్నారు, తియ్యలేదు. తల గొరిగించాలన్నారు, ఒప్పుకోలేదు. స్వామే నా భర్త అంది. అట్లాంటి మనిషికి సొంత ఊళ్లో, సొంత గుడిలో దొరికిన చోటు అది. నీ నవల అక్కణ్ణుంచి మొదలైతే బాగుంటుందని నాకనిపిస్తుంది. రాసేది నువ్వు, నీ ఇష్టం.

ఆమె పుట్టింది 1730లో, పోయింది 1817లో. ఎనభై ఏడేళ్లు. ఇప్పుడు కొండ మీద రోజూ వేలమంది ఆమె పేరు పెట్టిన నిత్యాన్నప్రసాద కేంద్రంలో భోంచేస్తున్నారు. రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి అయ్యాకే స్వామికి నిద్ర. అందరికీ తెలిసింది ఈ చివరి సంగతే. తరిగొండ వదిలి తిరుమలకు నడిచిపోయిన ఆ రోజుల్లో కాళ్లు ఎట్లా ఉన్నాయి, తిరుమల అడవిలో తుంబురు కోనలో ఒక్కతే ఉన్నప్పుడు ఏం తింది, వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం అంతంత కావ్యాలు రాయడానికి తాటాకులు ఎవరు తెచ్చిచ్చారు, ఇవి ఎవరూ అడగరు. నువ్వు అడగాలి. టీటీడీ వాళ్లు ఆమె రచనలు అచ్చు వేశారు, అవి ముందు చదువు. తర్వాత యూనివర్సిటీలో ప్రాచ్య పరిశోధన సంస్థకు పోయి తాళపత్రాలు చూపించమని అడుగు. ఆ కాలంలో ఆకు మీద గంటంతో రాయడమంటే ఏంటో కళ్లతో చూడాలి. రాయడమంటే గీరడమే. తప్పు పోతే తుడిచేసే వీలుండదు.

నువ్విచ్చిన 'విముక్త' మళ్లీ చదివాను. ఓల్గా గారికి 2015లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన పుస్తకమని అట్ట చూపించి మురిసిపోయావు, గుర్తుందా? అందులో రామాయణాన్ని మళ్లీ చెప్పినా, సీత అడవికి పోవడం మారలేదు. ఆ అడవిలో ఆమె శూర్పణఖను కలుసుకుంటుంది, శూర్పణఖ పెంచుకున్న తోట చూస్తుంది. వెంగమాంబ జీవితంలో కూడా లోకం రాసిపెట్టుకోని చోట్లు చాలా ఉన్నాయి. నీకు పని అక్కడే.

ఇప్పుడు చెప్పబోయేది మీ నాయనకు కూడా తెలీదు.

1983. అప్పుడు మేం చిత్తూరులోనే గిరింపేటలో అద్దెకుండేవాళ్లం. నాకు ఉద్యోగం వచ్చి ఏడేళ్లు. రాత్రి అంట్లు తోముకున్నాక కథలు రాసేదాన్ని. కాగితానికి ఒకవైపే, మార్జిను వదిలి, తిరుగు స్టాంపులు జతచేసి పంపాలి. అప్పటికి నాలుగు అచ్చయ్యాయి. పక్క పోర్షన్‌లో ఒకామె జాకెట్లు కుట్టేది. నాకంటే రెండేళ్లు చిన్న, అక్కా అని పిలిచేది. మొగుడు తాగొచ్చి కొట్టేవాడు. గోడ అవతల నుంచి మాకు వినపడేది, పొద్దున్నే ఆమె ముగ్గు వేస్తుంటే మేమెవరం ఏమీ విననట్టు పలకరించేవాళ్లం. ఆమె కుడిచేతి బొటనవేలు సూది పోట్లకు నల్లగా కాయ కట్టి ఉండేది. ఆ వేలితో గుడ్డ అంచు మడిచి ఒక్క నొక్కు నొక్కితే ఇస్త్రీ చేసినట్టు నిలిచేది.

ఒకరోజు మధ్యాహ్నం నా జాకెట్టు కొలత తీసుకుంటూ చెప్పింది. తిరుపతిలో తెలిసినామె కుట్టుషాపు పెట్టిందంట, రమ్మందంట. ఏదో ఒకరోజు పొద్దున అయిదు గంటల బస్సుకు పోతుందంట. "మిషను హెడ్డు విప్పి గోనెసంచిలో పెట్టుకుంటే చాలక్కా. స్టాండు అక్కడ కొనుక్కుంటా" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూశాను. అంతకు ముందెప్పుడూ అట్లా లేదు.

ఆ రాత్రే కథ మొదలుపెట్టి రెండు రోజుల్లో రాసేశాను. ఆమెను అడగలేదు. కథలో ఆమె గోనెసంచి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటుంది. బస్సు కదులుతుంది. కండక్టరు ఎక్కడికమ్మా అంటాడు. "తిరుపతికి ఒకటి" అంటుంది. అక్కడితో అయిపోయింది.

తిరగరాసేటప్పుడు భయం పట్టుకుంది. ఎవరూ నన్ను బెదిరించలేదు. మీ మామ చదివి బాగుందన్నారు. నాకు నేనే ఊహించుకున్నాను. వీధిలో గుర్తుపడతారు, టీచరమ్మ కాపురాలు కూలుస్తోందంటారు, హెడ్‌మాస్టరు పిలిపిస్తాడు, రేపు నా కూతురికి సంబంధాలు రావు. నా కూతురికి అప్పుడు మూడేళ్లు! చివరి పేజీ పక్కన పడేసి కొత్తది రాశాను. మొగుడు టవలు భుజాన వేసుకుని బస్టాండుకు పరుగెత్తుకొస్తాడు, కళ్లనిండా నీళ్లు. ఆమె చూస్తుంది. సంచి తీసుకుని బస్సు దిగేస్తుంది.

కథ అచ్చయింది. స్టాఫ్ రూములో అందరూ మెచ్చుకున్నారు, ముగింపు కన్నీళ్లు తెప్పించిందన్నారు. తిరుపతిలో ఆడపిల్లల కోసమే పద్మావతి మహిళా యూనివర్సిటీ పెట్టింది కూడా ఆ ఏడే. అదే టేబులు దగ్గర కూర్చుని, కాలం మారుతోందని మేమంతా సంతోషపడ్డాం.

నాలుగు రోజులకు ఆమె వచ్చింది. చేతిలో పత్రిక, నా కథ ఉన్న పేజీ మడత పెట్టుకుని ఉంది. గడప దగ్గరే నిలబడింది. కోపమేమీ లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "దిగిపోయిందేంటక్కా? మీరు చదువుకున్నవాళ్లు. దిగిపోవడమే మంచిదంటారా?"

కాదమ్మా, నేను భయపడి మార్చాను, నువ్వు పో. ఇంత మాట చెప్పలేకపోయాను. "కథ కదా" అన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది. అయిదు గంటల బస్సు ఎక్కలేదు.

తర్వాత వాళ్లు ఇల్లు మారారు. రెండేళ్లకు కూరగాయల మార్కెట్లో కనిపించింది. ఎడమచేత్తో ఎర్రగడ్డలు ఏరుతోంది. కుడిచేతి బొటనవేలు కర్రలా నిలబడి ఉంది, వంగడం లేదు. నేను చూస్తున్నానని చూసి, చెయ్యి కొంగులో పెట్టుకుంది. "మిషను అమ్మేశానక్కా" అంది. ఎట్లా అయిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నా సంచిలో ఉన్న టమాటాలు సగం ఆమె సంచిలో పోశాను. అంతకంటే ఏం చెయ్యాలో తెలీలేదు. నా కథ వల్లే ఆమె ఆగిపోయిందని నేననను, ఆమెకున్న కష్టాలు ఆమెకున్నాయి. కానీ పోయే ముందు ఒక్క మనిషిని అడిగింది. ఆ మనిషిని నేను.

ఆ తర్వాత నేను కథ రాయలేదు. పిల్లల చదువులు, ట్రాన్స్‌ఫర్లు అని అందరికీ చెప్పుకున్నాను.

అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. బతికున్న మనిషి గురించి రాస్తే ముందు పోయి అడుగు, రాసింది చదివి వినిపించు. వెంగమాంబ విషయంలో నిన్ను రెండు వైపుల నుంచీ లాగుతారు. భక్తులు వచ్చి, అమ్మవారంతటి మనిషికి కోపం వచ్చినట్టు, ఏడ్చినట్టు రాయొద్దంటారు. నీ స్నేహితులేమో ఆ భక్తి అంతా పైపైదే, లోపల ఉన్నది తిరుగుబాటు అని రాయమంటారు. ఎవరి మాటా వినకు. ఆమె స్వామిని నమ్మింది, ఆ నమ్మకంతోనే పెద్దలకు ఎదురు నిలిచింది. ఒకటి తీసేసి ఇంకొకటి ఉంచితే, నేను చేసిన పనే నువ్వూ చేసినట్టు. మన ఇంట్లో వాళ్లేమనుకుంటారోనని కూడా ఒక్క వాక్యం మార్చకు. అట్లాంటి భయం వస్తే, ఏ రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.

నీకు ఆరేళ్లప్పుడు తాతయ్యగుంట గంగమ్మ జాతరకు తీసుకుపోయాను. మీ నాయన మొక్కు తీర్చుకోడానికి చీర కట్టి, జడ పెట్టుకుని, గాజులు వేసుకున్నాడు. నువ్వు నా చంక దిగకుండా వాడినే చూస్తున్నావు. మగవాళ్లంతా ఎందుకు అట్లా తయారయ్యారంటే కథ చెప్పాను. ఆడవాళ్లను చెరిచే పాళెగాడు ఉండేవాడని, గంగమ్మకు భయపడి దాక్కున్నాడని, రోజుకో వేషంలో వెతికిన అమ్మ దొర వేషం కట్టినప్పుడు బయటికొచ్చి చచ్చాడని. నువ్వు అంతా విని, "దొర పిలిస్తేనే వస్తాడా? గంగమ్మ పిలిస్తే రాడా?" అన్నావు. నాకు జవాబు తోచలేదు. నిన్ను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. ఆ పిల్ల నవల రాస్తుందంటే నేనెందుకు ఆశ్చర్యపోవాలి?

మీ నాయనతో నేను మాట్లాడతాను. వాడి గొంతులో ఉన్నది కోపమనుకోకు, దిగులు. వారానికోసారి నువ్వే ఫోన్ చెయ్యి, వాడు చేసేదాకా ఆగకు.

మంగళవారం వాడు తిరుపతికి వస్తున్నాడు. సంచిలో రాగిపిండి రెండు కిలోలు, చెనిక్కాయల పొడి, ఊరిబిండి సీసా పెడుతున్నా. ఊరిబిండి రెండు రోజుల్లో తినెయ్, నిలవుండదు. అడుగున ప్లాస్టిక్ కవర్లో పాత కాగితం ఒకటి ఉంటుంది, పసుపుపచ్చగా అయిపోయింది, మడత దగ్గర చిరుగుతోంది, మెల్లగా తియ్యి. అది ఆ రోజు పక్కన పడేసిన చివరి పేజీ. కండక్టరు అడిగేదీ, ఆమె చెప్పేదీ అందులో ఉన్నాయి. నూనె అంటకుండా రెండు కవర్లు వేశాను.

ఆశీస్సులతో,
మీ అత్త